గవ్వ తాడు

వెంకటేశ్వరరావు షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. ఎంత పనిమంతుడైనా సరే, వాడి ఇంటి మనిషి వచ్చి బండిని కళ్లారా చూసి, "ఎక్కించండి" అని తన నోటితో చెబితేనే ట్రయల్ సీటులో కూర్చోబెడతాడు. కాగితాల మీద సంతకాలు ఆయనకు పట్టవు. నోటిమాటే కావాలి. ఇంట్లో మనిషి బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే ఇక్కడ బండిలో ఉన్నవాడి కాలు నిలకడగా ఉండదని ఆయన నమ్మకం.

ఆ ఒక్క మాట కోసం బలరాం నెల రోజులుగా భార్య చాంది చుట్టూ తిరుగుతున్నాడు. చాంది ఆ మాట తప్ప మిగతావన్నీ మాట్లాడుతోంది.

షెడ్డు బూర్గంపాడు దాటాక రోడ్డు పక్కన, జామాయిల్ తోటను ఆనుకుని ఉంటుంది. బయటి నుంచి చూస్తే వడ్ల గోదాము అనుకుంటారు. లోపల జరిగేది మామూలు కార్ల రిపేరు కాదు. మట్టి ట్రాకుల మీద పందేలకు పోయే కార్లు ఖమ్మం నుంచి, హైదరాబాదు నుంచి, అటు రాజమండ్రి నుంచి కూడా లారీలెక్కి వస్తాయి. ఇంజను మొత్తం విప్పి, కంపెనీ ఇచ్చినదానికి రెండింతల బలం వచ్చేలా మళ్లీ కడతారు. కట్టిన బండిని షెడ్డు వెనక ఉన్న మట్టి ట్రాకు మీద ఎవరో ఒకరు గట్టిగా తోలి చూడాలి. ఇన్నాళ్లూ ఆ పని సతీష్ ఒక్కడే చేస్తున్నాడు. పని పెరిగింది, రెండో మనిషి కావాలి. నాలుగేళ్లుగా బ్రేకుల పని చూస్తున్న బలరాం మీద ముసలాయన వెంకటేశ్వరరావు కన్ను పడింది.

చాందికి బండి అంటేనే దడ. ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా అన్న దేవ్‌సింగ్ తోలుతున్న ట్రాక్టరు కాలువలో బోల్తా పడింది. అన్న బతికాడు గానీ కాలు వంకరపోయింది. ఇంట్లో చేసే దిక్కు లేక చాందిని ఆశ్రమ పాఠశాల నుంచి తీసుకొచ్చారు. రెండు నెలలకని వచ్చిన పిల్ల మళ్లీ బడి మొహం చూడలేదు. ఆ ట్రాక్టరు గురించి అమ్మ ఒకటే మాట అనేది: "ఆ పొద్దు బండికి గవ్వ తాడు లేదు. తెగిపోతే ఎవ్వరూ కట్టలే."

అది వాళ్ల ఇంటి ఆడవాళ్ల పద్ధతి. మగవాడు కొత్తగా ఏ బండి ఎక్కినా, ఇంటి ఆడమనిషి పేటియా అంచు నుంచి ఒక గవ్వ తెంపి, నల్లదారం పేని, అతను చెయ్యో కాలో వేసే చోట కట్టాలి. పేటియా అంటే తాండాలో పెద్దాడవాళ్లు వేసుకునే అద్దాల పావడా. చాంది చీరలే కడుతుంది గానీ, చనిపోయిన అమ్మ పేటియాను పెట్టెలో దాచుకుంది. బలరాం మోటారు సైకిలుకు పెళ్లయిన వారంలోనే ఒక గవ్వ కట్టింది. సోనీ పుట్టాక, దారం పాతబడిందేమోనన్న భయంతో విప్పి కొత్తది కట్టింది.

షెడ్డు చూడ రమ్మని అందరినీ పిలిచే రోజు ఫిబ్రవరి ఆఖరి ఆదివారం. ఆ పొద్దున చాంది ఇంకో గవ్వ తెంపి, దారం పేని, కొంగులో ముడేసుకుంది. బలరాంకి చెప్పలేదు.

పినపాక పక్కన ఉన్న వాళ్ల తాండా నుంచి షెడ్డుకు మోటారు సైకిలు మీద గంట పైనే పడుతుంది. మూడేళ్ల సోనీ ఇద్దరి మధ్యన ఇరుక్కుని కూర్చుంది.

"ఇయ్యాల చూసినంక చెప్పాలె. అవ్ అంటవో, కాదంటవో. నడిమిట్ల ఊగుడు వద్దు," అన్నాడు బలరాం.

"ముందైతే బండి నిమ్మళంగ తోలు. పోరి ఉన్నది."

"నలభైల పోతున్న."

"నలభై అంటే తక్కువనా?"

"టీవీఎస్ మోపెడ్ మీద తాత మనల్ని దాటిపోయిండు. చూసినవా లేదా?"

"పోనియ్యి. ఆయినెకేం తొందరున్నదో."

బలరాం ఆమె వినకుండా నవ్వుకున్నాడు.

షెడ్డు ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు: "మా షెడ్డు చూడ రండి. ఎవరైనా రావచ్చు." షెడ్డు పెట్టిన మొదటి ఏడు చుట్టుపక్కల ఊళ్లలో ఏవేవో మాటలు పుట్టాయి. రాత్రిళ్లు దొంగ కార్లకు రంగులు మారుస్తున్నారని ఒకరంటే, ఆ పేలుడు చప్పుళ్లు చూస్తే బాంబులేమోనని ఇంకొకరన్నారు. వెంకటేశ్వరరావు ఎవరితోనూ వాదించలేదు. తలుపులన్నీ బార్లా తెరిచి, మిర్చి బజ్జీలు వేయించి, ఊళ్లకు ఊళ్లను పిలిచాడు. అప్పటి నుంచి ప్రతి ఏడూ అదే. ఇప్పుడు దుమ్ముగూడెం నుంచి కూడా ఆటోలు మాట్లాడుకుని వస్తారు. కొందరు కార్ల కోసం వస్తారు, ఎక్కువమంది బజ్జీల కోసం వస్తారు.

చాంది లోపల అడుగుపెట్టగానే చెప్పులు విడిచింది. నేల అంత శుభ్రంగా ఉంది. మెకానిక్ షెడ్డు అంటే నల్లటి నూనె, చిరిగిన సీట్లు, అడుగడుగునా నట్లు ఉంటాయనుకుంది. ఇక్కడ గోడ నిండా పానాలు, ఒక్కోదాని వెనక దాని ఆకారంలోనే తెల్ల రంగు పూసి ఉంది. పానా తీస్తే గోడ మీద తెల్లగా ఖాళీ కనిపిస్తుంది. ఏది తీశారో, ఏది తిరిగి పెట్టలేదో దూరం నుంచే తెలిసిపోతుంది. చాందికి అది నచ్చింది. తన వంటింట్లో గరిటెలకూ అలా చేస్తే బాగుండుననుకుంది.

"చెప్పులు వేసుకో తల్లీ, గుడి కాదిది," అంటూ ఎదురొచ్చాడు వెంకటేశ్వరరావు. మధిర వైపు మనిషి. మణుగూరు గనుల్లో ముప్పై ఏళ్లు డంపర్లు బాగుచేసి, దిగిపోయాక ఈ షెడ్డు పెట్టాడు. ఎడమ చేతి రెండు వేళ్లు వంగవు. "నువ్వేనా మా బలరాం ఇంటావిడవి? అన్నీ చూడు. ఏది కావాలంటే అది అడుగు. చూశాక నాకు ఒక్క మాట చెప్పాలి. తెలుసుగా?"

"తెలుసు సారూ," అంది చాంది.

బలరాం ఆమెను పసుపుపచ్చ కారు దగ్గరికి తీసుకెళ్లాడు. పైకి మామూలు కారే. లోపల చూస్తే సీట్లు పీకేశారు, రెండే మిగిలాయి. కప్పు కింద, తలుపుల పక్కన, అడ్డంగా నిలువుగా లావుపాటి ఇనుప పైపులు.

"గిదేంది, పెండ్లి పందిరి గుంజలోలె గీ పైపులేంది?"

"బోల్తా పడ్డా కప్పు నెత్తి మీదికి రాకుండ."

"బోల్తా పడ్డానా?"

"పడ్తదని కాదే. పడితే అంటున్న."

"పడకుంటే గిన్ని పైపులు ఎందుకు పెట్టిండ్రు మరి?"

బలరాం తల గోక్కున్నాడు. ఇంట్లో లంబాడీలో అయితే ఇంకో రెండు మాటలు అనేవాడే. నలుగురిలో ఉన్నాడు కాబట్టి బెల్టులు చూపించడం మొదలుపెట్టాడు. రెండు భుజాల మీదుగా, రెండు నడుం పక్కల నుంచి, ఒకటి కాళ్ల మధ్య నుంచి వచ్చి పొట్ట దగ్గర కలుస్తాయి. "సోనీని నువ్వు కొంగుతోని నడుముకు కట్టుకోవా, గట్లనే. ఇటు కదలదు, అటు కదలదు."

చాంది బెల్టును రెండు చేతులతో పట్టి లాగి చూసింది. ఒక్కటొక్కటే, అయిదూ లాగింది. ఊడలేదు. కుట్లు కూడా చూసింది.

అప్పుడే సతీష్ భార్య కళావతి బజ్జీల పొట్లంతో వచ్చింది. బూర్గంపాడు మనిషి, నలభైకి దగ్గరపడిన ఆడది, ఎక్కడున్నా నవ్వు ముందొస్తుంది. సోనీని చంకనేసుకుంది.

"నీకు భయమైతలేదా అక్కా? అన్న రోజూ తోల్తడు గద," అడిగింది చాంది.

"మొదట్ల మస్తు భయమైంది చెల్లె. మూడు ఐతారాలు ముద్ద దిగలే. ఆయినె మంచిగనే ఉన్నడు, నేనే పది కిలోలు తగ్గిన. ఇగ గప్పుడు తినుడు షురూ చేసిన, ఇగో, ఇప్పటిదాంక ఆపలే," అని నడుం తడుముకుంది కళావతి. "నువ్వు గూడ తిను. సల్లారితే ఇవి తోలు లెక్కనే ఉంటయ్."

భద్రాచలం నుంచి వచ్చిన ఒకాయన కారు చుట్టూ తిరిగి సతీష్‌ని అడుగుతున్నాడు. "ఏమయ్యా, గింత బండికి ఒక నిమ్మకాయ లేదు, రెండు మిరపకాయలు లేవు. దేవుని బొమ్మ గూడ పెట్టలేదేంది?"

"సారు ఏదీ ఉంచనియ్యడు. స్టిక్కర్ గూడ వద్దంటడు. దేవుడు అగో, గోడకున్నడు. దండం బయట పెట్టి ఎక్కాలె," అన్నాడు సతీష్. గోడకు దేవుడి పటం ఉంది, పక్కనే బోర్డు మీద ఎర్ర అక్షరాలతో ఉంది: "బండి లోపల, బయట ఏ వస్తువూ కట్టరాదు, పెట్టరాదు."

చాంది ఆ బోర్డును కూడబలుక్కుని రెండుసార్లు చదివింది. చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది. ఇంట్లో మోటారు సైకిలుకు ఉంది, అన్న కొత్త ట్రాక్టరుకు ఉంది, మామ ఎడ్లబండికి కూడా ఉంది. అన్నింటికన్నా జోరుగా పోయే ఈ బండికే ఏమీ లేదు. బోల్తా పడుతుందని ముందే పైపులు పెట్టిన బండి.

వచ్చినవాళ్లు వరుసగా డ్రైవరు సీటులో కూర్చుని ఫొటోలు దిగుతున్నారు. చాంది వంతు వచ్చింది. బలరాం ఆమెను కూర్చోబెట్టి, తన ఫోనులో రెండు ఫొటోలు తీశాడు. ఇంతలో అటుపక్క టైరు ఎంత జల్దీగా మారుస్తారో చూపించడానికి అతన్ని కేకేశారు. "నువ్వు చూస్తుండు, వస్త," అని పరుగెత్తాడు. కళావతి సోనీకి బజ్జీ ఊదుతూ వీపు తిప్పి ఉంది.

చాంది కిందికి వంగింది. పాదాలు పెట్టే చోట మూడు పెడళ్లు. కుడి చివరిది వేగానిది. కాలు వంకరపోకముందు అన్న చెబుతుంటే వింది. ఇనుప కడ్డీ ఒకటి ఆ పెడల్ వెనక నుంచి పైకి పోతోంది. కొంగు ముడి విప్పి, ఆ కడ్డీకి దారం రెండు చుట్లు చుట్టి, మూడు ముళ్లు వేసింది. గవ్వ నాలుగు వేళ్లంత కిందికి వేలాడింది. పైనుంచి చూస్తే కనబడదు. 'మేరామా యాడీ, ఆయన కాలు నీ చేతుల పెట్టిన' అని లోపల్లోపల తాండా దేవతకు మొక్కుకుని లేచింది.

అంతే. బయటికి వచ్చి రెండు బజ్జీలు తింది. రెండోది కారంగా ఉంటే నవ్వొచ్చింది కూడా.

వెంకటేశ్వరరావు టీ గ్లాసుతో వచ్చాడు. వెనకే బలరాం, మొహం పరీక్ష రాసిన పిల్లాడిలా ఉంది.

"ఏమంటావమ్మా?"

"ఎక్కించుండ్రి సారూ," అంది చాంది.

బలరాం నమ్మలేనట్టు చూశాడు. "నిజంగనేనా?"

"ఒక్కపాలి చెప్తే అర్థం కాదా?"

"అయితే వచ్చేవారం దాకా ఎందుకు? ఇవాళే ఎక్కు," అన్నాడు ముసలాయన. "నాలుగింటికి ఆట చూపిస్తాం కదా. మూడు రౌండ్లు నువ్వు తోలు. మీ ఆవిడ కూడా చూస్తుంది."

నాలుగింటికి అందరినీ వెనక ట్రాకు దగ్గరికి తీసుకెళ్లారు. జామాయిల్ చెట్ల మధ్యన ఎర్రమట్టి ట్రాకు, దానికి ముందు నడుం ఎత్తున తాడు కట్టారు. తాడు ఇవతల రెండు వందల మంది దాకా ఉంటారు. పసుపుపచ్చ కారును తోసుకొచ్చి గీత మీద నిలబెట్టారు. బలరాం హెల్మెట్ పెట్టుకున్నాడు, లోపల కూర్చున్నాడు, సతీష్ బెల్టులు బిగించి తలుపు వేశాడు. జనం ఈలలు వేస్తుంటే బలరాం కిటికీలోంచి చెయ్యి ఊపాడు. తాండాలో వాలీబాల్ గెలిచిన రోజు కూడా చాంది అతని మొహంలో అంత వెలుగు చూడలేదు.

వెంకటేశ్వరరావు మైకు పట్టుకున్నాడు.

"చూసేముందు ఒక్క సంగతి వినండి. లోపల బోర్డు చూసి చాలామంది అడిగారు, ముసలోడికి దేవుడంటే నమ్మకం లేదా అని. ఉంది. నమ్మకం లేనిది సీసా మూతల మీద." జనం నవ్వారు. "నవ్వకండి. ఆరేళ్ల కింద ఇదే ట్రాకు మీద నేనే తోలుతున్నా. నీళ్ల సీసా తాగి మూత పక్కన పడేశా. ఇంతంత ప్లాస్టిక్ మూత. మలుపులో దొర్లుకుంటూ వచ్చి బ్రేకు కింద దూరింది. తొక్కితే దిగదే! అదిగో, ఆ చెట్టుకు పోయి గుద్దా. అప్పటినుంచి ఈ రెండు వేళ్లు వంగవు. వేళ్లతో పోయింది కాబట్టి మీ ముందు నిలబడి మాట్లాడుతున్నా. బండి లోపల పెడళ్ల దగ్గర గోరంత వస్తువు ఉన్నా అది మనిషిని తినేస్తుంది. అందుకే, ఎవడెక్కినా ముందు మూడు పెడళ్ల కిందా చెయ్యి పెట్టి తడిమి చూడాలి. ఇది మా రూలు."

చాందికి మొదట నీళ్ల సీసాయే కళ్లముందు ఆడింది. తరవాత మూత. మూత ఎంత ఉంటుంది? బొటనవేలి కొసంత. గవ్వ ఎంత ఉంటుంది?

ఆమె ఖాళీ కొంగు చివర తడిమింది.

గవ్వ కట్టి ఉంది కదా, దొర్లదు కదా అనుకుంది. కట్టి ఉంది గానీ వేలాడుతోంది. నాలుగు వేళ్ల దారం ఎందుకు వదిలింది? దగ్గరగా కడితే గవ్వ కనబడుతుందని. బలరాం చెయ్యి పెట్టి చూసే ఉంటాడు, చూస్తే దొరికే ఉంటుంది, తీసి జేబులో వేసుకునే ఉంటాడు. కానీ ఆయన చెయ్యి పెట్టడం ఆమె చూడలేదు. కూర్చోవడం చూసింది, బెల్టులు బిగించడం చూసింది, చెయ్యి ఊపడం చూసింది. కళ్లు ఆయన మీదనుంచి తీయనేలేదు. వంగితే తనకు కనబడేదే.

ఇప్పుడు చెబితే? ఇంతమందిలో ఆయన తలెత్తుకోలేడు. బోర్డు చదివి కూడా కట్టిందంటారు. ముసలాయన ఆయన్ని మళ్లీ సీటు దగ్గరికే రానివ్వడు. నెల రోజులు కాళ్లావేళ్లా పడ్డ మనిషి. చెప్పకపోతే, మూడు రౌండ్లే కదా. మూడు రౌండ్లు ఏమీ కాకపోవచ్చు.

ఇంజను లేచింది. సోనీ చెవులు మూసుకుని ఏడుపు లంకించుకుంది.

"అక్కా! బండిల గవ్వ కట్టిన!" అని చాంది కళావతి చెవిలో అరిచింది.

"ఏందీ? ఇనబడ్తలే!"

"గవ్వ! కాళ్ల కాడ!"

"అవ్వనా? ఏ అవ్వ?"

ట్రాకు అవతల సతీష్ జెండా పైకెత్తాడు. చాంది పిల్లను కళావతి చేతుల్లోకి తోసింది. తాడు కిందనుంచి దూరి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని పరుగెత్తింది. జనం ఓయ్ ఓయ్ అన్నారు. ఎవరో ఆమె కొంగు పట్టుకోబోయారు. ఆమె పోయి కారు ముందు, బానెట్‌కు రెండు బారల దూరంలో, రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.

చప్పుడు ఆగిపోయింది. ఒక్క పెట్టున. జెండా కిందికి దిగింది.

"ఏంది చాందీ! పిస లేసిందా? పక్కకు జరుగు!" హెల్మెట్ లోంచి బలరాం గొంతు.

"దిగు."

"ఏందీ?"

"నువ్వైతే ముందు దిగు. కాళ్ల కాడ గవ్వ తాడు ఉన్నది. నేనే కట్టిన."

అప్పటికి వెంకటేశ్వరరావు పరుగున వచ్చాడు. బలరాంని దింపి, మోకాళ్ల మీద కూర్చుని, తల లోపలికి పెట్టి చూశాడు. వెంటనే తెంపలేదు. ఇంజను ఆగి ఉందో లేదో మళ్లీ ఒకసారి చూసుకుని, వేగం పెడల్‌ను అరచేత్తో నొక్కాడు. దిగి, లేచింది. మళ్లీ నొక్కాడు. లేచింది. చాంది ఆయన వీపు వెనక నిలబడి చూస్తోంది. ఆరుసార్లు నొక్కితే ఆరుసార్లూ లేచింది. ఏమీ కాదేమో, ఊరికే ఇంత రభస చేశానేమో అనుకుంది. ఏడోసారి గవ్వ ఊగి, పెడల్ కడ్డీకీ పక్కన ఉన్న ఇనుప రేకుకీ మధ్యన ఇరుక్కుంది. ఆయన చెయ్యి తీశాడు. పెడల్ లేవలేదు. కిందే ఉండిపోయింది.

ఆయన జేబులోంచి చిన్న కత్తి తీసి దారం కోశాడు. పెడల్ టక్కున లేచింది.

"ఎక్కేముందు చెయ్యి పెట్టి చూశావా?" అడిగాడు, బలరాంని.

బలరాం హెల్మెట్ చేతిలో పట్టుకుని నేల చూస్తున్నాడు.

"నిన్నే."

"లేదు సార్. జనం... అందరూ చూస్తుంటే... హడావుడిల..."

"బ్రేకుల పనోడివి. మా అందరికీ చెప్పాల్సినోడివి నువ్వు. జనం చూస్తుంటే చెయ్యి లేవదా?" గొంతు పెంచలేదు గానీ, తాడు దగ్గరున్న వాళ్లందరికీ వినబడింది. "ఇవాళ నువ్వు తోలవు. సతీష్, నువ్వెక్కు."

సతీష్ జెండా ఇంకొకరికి ఇచ్చి వచ్చాడు. బలరాం భుజం మీద చెయ్యి వేసి, హెల్మెట్ అందుకున్నాడు. అందరూ చూస్తుండగా వంగి, మూడు పెడళ్ల కిందా చెయ్యి పెట్టి తడిమాడు.

చాంది తాడు ఇవతలికి వచ్చేసరికి జనం ఆమెకు దారి ఇచ్చారు. అది ఇంకా చిన్నతనంగా ఉంది.

"ఆడోళ్లను షెడ్డులకు రానిస్తే గిట్లనే ఉంటది," అన్నాడు తలపాగా చుట్టిన ఒక పెద్దమనిషి, ఎవరినీ చూడనట్టు.

"ఆడామె చెప్పింది కాబట్టి నిలవడి మాట్లాడుతున్నవ్ తాతా. చెప్పకుంటే ఈపాటికి దవాఖానల ఉంటుంటిమి అందరం," అంది కళావతి. సోనీని చాంది చంకకు అందిస్తూ, "కట్టేముందు నన్నొక్కపాలి అడుగరాదె చెల్లె! నేను మా ఆయిన చెప్పుల పెట్టిన నిమ్మకాయ చెక్క కథ చెప్పకపోదునా. కాలు జారి మెట్ల మీద పడ్డడు," అని గుసగుసగా అంది.

చాందికి నవ్వు రాలేదు. పసుపుపచ్చ కారు చెట్ల మధ్యన దుమ్ము లేపుకుంటూ తిరుగుతోంది. మలుపు దగ్గర వెనక చక్రాలు పక్కకు జారినప్పుడల్లా జనం అరుస్తున్నారు. బలరాం దూరంగా, టైర్ల కుప్ప పక్కన, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె వైపు చూడడం లేదు.

మూడు రౌండ్లు అయ్యాక వెంకటేశ్వరరావు వచ్చాడు. గవ్వను ఆమె చేతిలో పెట్టాడు.

"బోర్డు చదవలేదా అమ్మా?"

"చదివిన సారూ. రెండుపాలి చదివిన. లోపటికి కట్టిన, కనబడది గద అనుకున్న."

"కనబడనిదే మాకు భయం." ఆయన బలరాం వైపు చూసి, మళ్లీ ఆమె వైపు తిరిగాడు. "పొద్దున ఒక మాట ఇచ్చావు. ఈ తాడు మీద ధైర్యంతో ఇచ్చావని ఇప్పుడు తెలిసింది. వెనక్కి తీసుకుంటే తీసుకో. నేనేమీ అనుకోను. వాడికి బ్రేకుల పని ఎట్లాగూ ఉంటుంది."

చాందికి తాడు లేకుండా ఆ మాట చెప్పాలంటే నోరు రావడం లేదు. కాదంటే సరిపోతుంది. నెల రోజులుగా చెప్పాలనుకున్నది అదే. ఇప్పుడైతే ఎవరూ తప్పు పట్టరు, బలరాం కూడా.

కానీ ఆమెకు ట్రాక్టరు రోజు గుర్తొచ్చింది. కాలువ గట్టు మీద మెత్తటి మట్టి చూసి, అమ్మ పొలం నుంచి ఆగమని అరిచింది. చాంది బడిలో ఉంది, చూడలేదు, తరవాత అందరూ చెప్పారు. అమ్మ అరుస్తూనే ఉందట. అన్న నవ్వుతూ చెయ్యి ఊపి, ఇంకాస్త ముందుకు పోనిచ్చాడట. ఆడవాళ్లు అరుస్తూనే ఉంటారు కదా అని.

ఇక్కడ తను చేతులెత్తగానే బండి ఆగింది. రెండు వందల మంది చూస్తుండగా, ఏమీ తెలియని ఆడమనిషి మాటకు ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని ఏడుసార్లు నొక్కి చూశాడు. తన మనిషినే సీటులోంచి దింపాడు.

"మళ్ల ఎప్పుడు ఎక్కిస్తరు?" అని అడిగింది.

"చెయ్యి పెట్టడం అలవాటయ్యాక. వారం, రెండు వారాలు."

"ఎక్కించుండ్రి సారూ. మాట ఎనక్కు తీస్కోను. కానీ నేను చూస్తుండంగ ఆయినె చెయ్యి పెట్టాలె. గప్పుడే ఎక్కాలె."

"నువ్వు లేని రోజు?"

"మీరు చూడుండ్రి."

ముసలాయన తలూపాడు. "సరే," అన్నాడు. ఆ ఒక్క మాటే.

ఈలోగా దగ్గరికొచ్చిన బలరాం అదంతా విన్నాడు. వినలేదన్నట్టు మోటారు సైకిలు తీశాడు.

దారి పొడుగునా ముప్పైలో పోనిచ్చాడు. అంత నెమ్మదిగా పోతే కోపం ఉన్నట్టేనని చాందికి తెలుసు. మణుగూరు ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా సోనీ ఒంటికి అంటే రోడ్డు పక్కన ఆపాడు. చాంది పిల్లను చెట్ల పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టింది. అతను బండి దిగి, అటు తిరిగి నిలబడ్డాడు.

"అందరి ముందట ఇజ్జత్ తీస్తివి."

"తీసిన. మళ్ల గట్లనే అయితే మళ్ల తీస్త."

ఒక లారీ పోయింది. ఆ గాలికి ఎండుటాకులు రోడ్డు దాటాయి.

"చెయ్యి పెట్టకపోవుడు నా తప్పే," అన్నాడు, చెట్లకు చెబుతున్నట్టు.

"అవ్."

"అవ్ అంటవేందే? ఒక్కపాలన్నా కాదనరాదా?"

"గవ్వ కట్టుడు నా తప్పు. చెయ్యి పెట్టకపోవుడు నీ తప్పు. ఎవల్ది వాళ్లు మొయ్యాలె."

బలరాం వచ్చి సోనీని ఎత్తుకుని ట్యాంకు మీద కూర్చోబెట్టాడు.

"ఐతారం పొద్దుగాల్నే బయలెల్లాలె. నువ్వు గూడ వస్తున్నవ్ గద," అన్నాడు.

"వస్త. యాభైల తోలినవనుకో, నడిచే వస్త."

అతను బండి స్టార్ట్ చేశాడు.